నార్తర్న్ లైట్స్ టూర్: ముందు రాత్రులు లెక్కపెట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. చలికాలంలో నార్వే, ఫిన్లాండ్, స్వీడన్‌ల ఉత్తర కొసకు గ్రూపుగా వెళ్లి, రాత్రి ఆకాశంలో కనిపించే ఆ వెలుగులను చూసి రావాలని అందరి కోరిక. తెలుగువాళ్ల గ్రూపులను అటు తీసుకెళ్లడమే నా పని కాబట్టి ఈసారి పేజీ మొత్తం ఆ ప్రశ్నలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను, మా ఆవిడ, మా తోడల్లుడి దంపతులు కలిసి ఒక గ్రూప్ టూర్‌కు డబ్బు కట్టబోతున్నాం. తొమ్మిది రోజుల్లో హెల్సింకి, స్టాక్‌హోమ్, ఓస్లో, రొవానియెమి, ట్రోమ్సో చూపిస్తారట. కరపత్రంలో ‘నార్తర్న్ లైట్స్ గ్యారంటీ’ అని ఉంది. నమ్మవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, డబ్బు కట్టేముందు ఆ కరపత్రం, ఒక పెన్సిల్ తీసుకుని కూర్చోండి. ఆర్కిటిక్ వలయం 66.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. ఆ గీత మీద గానీ దానికి పైన గానీ మీరు ఎన్ని రాత్రులు పడుకుంటున్నారో ఒక్కొక్కటికీ టిక్కు పెట్టండి. హెల్సింకి, స్టాక్‌హోమ్, ఓస్లో మూడూ 60 డిగ్రీల చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడ అరోరా (ఈ నార్తర్న్ లైట్స్‌కే మరో పేరు) కనిపించాలంటే సూర్యుడి వైపు నుంచి గట్టి తుఫానే రావాలి. ఫిన్లాండ్‌లోని రొవానియెమి సరిగ్గా గీత దగ్గర ఉంది, నార్వేలోని ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల దగ్గర ఉంది. మీరు రాసిన ప్లాన్‌లో ఈ రెండు ఊళ్లకూ కలిపి నాలుగు రాత్రులు దొరికితే గొప్ప. అందులో ఒకటి అర్ధరాత్రి విమానం దిగడానికి, ఇంకొకటి తెల్లవారుజామున లేచి పెట్టెలు సర్దుకోవడానికి పోతుంది.

గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఆ వెలుగులు నేలకు వంద కిలోమీటర్ల పైన పుడతాయి. మబ్బులు పది కిలోమీటర్ల లోపే ఉంటాయి. పైన ఎంత గొప్పగా వెలుగుతున్నా కింద మబ్బు కప్పేస్తే మనకు మిగిలేది చలి ఒక్కటే. ఈ ‘గ్యారంటీ’కి సాధారణంగా ఉండే అర్థం వేరు: ఈ రాత్రి కనిపించకపోతే మరో రాత్రి ఉచితంగా తీసుకెళతాం అని. మర్నాడు పొద్దున్నే ఓస్లో విమానం ఎక్కేవారికి దానితో ఏం పని?

నా మాట స్పష్టంగా చెబుతాను. ఉత్తరాన కనీసం ఐదు రాత్రులు లేని టూర్‌కు డబ్బు కట్టవద్దు. ఆ ఐదింటిలో వరుసగా మూడు రాత్రులు సముద్రానికి దూరంగా, లోపలి ప్రాంతంలో ఉండాలి. ట్రోమ్సో సముద్రం ఒడ్డున ఉంది. వెచ్చని ప్రవాహం వల్ల అక్కడ జనవరిలో కూడా చలి సగటున మైనస్ 4 దగ్గరే ఉంటుంది గానీ, మబ్బు, మంచు కూడా ఆ సముద్రం మీంచే వస్తాయి. ఆ తడి గాలి కొండలెక్కుతూ పడమటి వైపే కురిసేస్తుంది. కొండల అవతల ఉన్న కిల్పిస్‌యార్వి (ఫిన్లాండ్), అబిస్కో (స్వీడన్) వైపు గాలి పొడిగా ఉంటుంది. అబిస్కోలో టోర్నెట్రాస్క్ సరస్సు మీద చుట్టూ మబ్బు పట్టినా మధ్యలో ఆకాశం విడిచి ఉండటం చాలాసార్లు జరుగుతుంది. అక్కడికి వెళ్లే దారిలో కిరునా ఊరు వస్తుంది. ఇనుప గని కింద నేల కుంగుతోందని ఊరినే పక్కకు జరుపుతున్నారు. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో ఎక్కడికక్కడ విప్పకుండా, చక్రాల మీద ఎక్కించి ఐదు కిలోమీటర్లు నడిపించారు. పగటిపూట చూడటానికి నాకు స్టాక్‌హోమ్ కంటే ఇది ముఖ్యం.

‘అంత దూరం వెళ్లి రాజధానులు చూడకుండా వస్తామా?’ అని ప్రతి గ్రూపులోనూ ఒకరు అడుగుతారు. ఆ ఊళ్లు జూన్‌లో చూడండి. చలికాలం డబ్బు ఉత్తరానికే పెట్టండి.

టూర్ కంపెనీని రాతపూర్వకంగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వెలుగుల కోసం బస్సులో వెతుక్కుంటూ వెళతారా, లేక ఒకే చోట కూర్చోబెడతారా? బస్సులో ఎంతమంది? రాత్రి ఎన్నింటి వరకు తిరుగుతారు? మబ్బు ఉంటే సరిహద్దు దాటి ఫిన్లాండ్ వైపు పోతారా? దారిలో బాత్రూమ్ ఎక్కడ? ఈ చివరి ప్రశ్న అడగడానికి మన ఆడవాళ్లు మొహమాటపడి సాయంత్రం నుంచి మంచినీళ్లు మానేస్తారు. అది మంచిది కాదు. వాళ్ల తరఫున మీరే అడగండి.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో వెళ్దామంటే, అప్పుడు అక్కడ సూర్యుడే ఉండడని మా కొలీగ్ భయపెట్టింది. నిజమేనా? ఏ నెల మంచిది? ఈ ఏడాది పోతే మళ్లీ పదకొండేళ్ల దాకా కనిపించవని కూడా అంటున్నారు.
– ప్రైవేటు ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ట్రోమ్సోలో నవంబరు 27 ప్రాంతం నుంచి జనవరి 15 ప్రాంతం వరకు సూర్యుడు దిగంతం పైకి రాడు. అంతమాత్రాన పగలంతా కటిక చీకటి ఉండదు. మధ్యాహ్నం కొన్ని గంటలు ఆకాశం నీలంగా, దక్షిణం వైపు గులాబీ రంగుగా ఉంటుంది. మంచు మీద ఆ నీలం పడితే చాలా అందంగా ఉంటుంది. మన సంక్రాంతి రోజుల్లోనే అక్కడ సూర్యుడు తిరిగి వస్తాడు. ఊరి చుట్టూ కొండలు అడ్డం కాబట్టి జనవరి 21న గానీ ఊళ్లోకి ఎండ రాదు. ఆ రోజు పిల్లలూ పెద్దలూ సూర్యుడి పేరు మీద చేసే తీపి బన్నులు తింటారు. ఉత్తరాయణాన్ని ఇంకెవరైనా ఇంత ఇష్టంగా ఎదురు చూస్తారా అనిపిస్తుంది నాకు.

అయినా నన్ను అడిగితే ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి నెలాఖరు వరకు వెళ్లమంటాను. పగలు ఎండ ఉంటుంది, కుక్కల బండి ఎక్కితే చుట్టూ ఉన్నది కనిపిస్తుంది. రాత్రి చీకటి కూడా సరిపోతుంది. పైగా మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల అరోరా ఎక్కువగా వస్తుందని చాలాకాలంగా గమనించిన విషయం. భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి వచ్చే గాలికి ఆ రోజుల్లో అనువైన వంపులో ఉండటం దానికి కారణం. ఇంట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలు ఉంటే మాత్రం ఫిబ్రవరి మొదట్లోనే వెళ్లి రండి. పరీక్షల టెన్షన్ మోసుకుంటూ వచ్చిన పిల్లలు ఆకాశం వైపు చూడరు.

పదకొండేళ్ల భయం అక్కర్లేదు. సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే చక్రం సుమారు పదకొండేళ్లది. ఆ చక్రం గరిష్ఠ దశకు చేరిందని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, వాతావరణ సంస్థ నోవా 2024 అక్టోబరులో ప్రకటించాయి. గరిష్ఠం దాటాక వచ్చే కొన్నేళ్లు కూడా అరోరాకు మంచివే. ఇక 70 డిగ్రీల దగ్గరైతే చక్రం అడుగున ఉన్న ఏళ్లలోనూ కనిపిస్తూనే ఉంటుంది. దక్షిణాన ఉన్నవాళ్లకే ఆ తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మేం నిరుడు వెళ్లి వచ్చాం. ఫోటోల్లో అంతా పచ్చగా ఉంది గానీ, కంటికి మాత్రం బూడిద రంగు మబ్బులాగే కనిపించింది. మా అత్తగారు ‘దీనికా అన్ని లక్షలు పోశారు?’ అన్నారు. మేం మోసపోయామా?
– గృహిణి, వరంగల్

జవాబు: మోసం జరగలేదమ్మా. మీరు చూసింది అరోరానే. అది నీరసంగా ఉన్న రాత్రి, అంతే.

మన కంట్లో రంగులు గుర్తించే కణాలు వేరు, మసక వెలుగులో పనిచేసే కణాలు వేరు. ఈ రెండో రకానికి రంగు తెలియదు. వెలుగు తక్కువగా ఉంటే అవే పనిచేస్తాయి కాబట్టి కంటికి బూడిద రంగు చార కనిపిస్తుంది. కెమెరా ఐదారు సెకన్లు రెప్ప వేయకుండా చూసి, ఆ వెలుగునంతా కూడబెట్టి పచ్చగా చూపిస్తుంది. వెలుగు బలంగా వచ్చిన రాత్రి మాత్రం ఆకుపచ్చ రంగును ఎవరూ చూపించనక్కర్లేదు, అందరికీ కనిపిస్తుంది. ఈ సంగతి బయలుదేరే ముందే చెప్పవలసిన బాధ్యత టూర్ నడిపేవాళ్లది. కరపత్రాల్లో ఫోటోలు వేసి ఊరుకోవడం వల్లే ఇంత దూరం వచ్చినవాళ్లు బాధపడి వెళుతున్నారు. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఒకసారి కిల్పిస్‌యార్విలో గడ్డకట్టిన సరస్సు ఒడ్డున బస్సు ఆపాం. ఉత్తరాన సన్నటి తెల్లచార ఒకటి ఉంది. భీమవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ‘ఇదేనా తల్లీ?’ అన్నారు. ‘ఇదే బాబాయ్ గారూ, కాసేపు ఉందాం’ అన్నాను. ఫోన్లు జేబులో పెట్టించాను, బస్సు లైట్లు ఆర్పించాను. చీకటికి కన్ను అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలుగు చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చాలాసేపు ఏమీ మారలేదు. సగం మంది బస్సెక్కేశారు. తర్వాత ఆ చార వెడల్పై, పచ్చబడి, నిలువు గీతలుగా చీలి తూర్పు నుంచి పడమరకు పరుగెత్తింది. నడినెత్తికి వచ్చాక అంచుల్లో గులాబీ రంగు కనిపించింది. బాబాయ్ గారి భార్య మనవడిని నిద్రలేపి వీడియో కాల్‌లో చూపించబోయారు. మైనస్ ఇరవైలలో ఉన్న చలికి ఫోన్ అప్పటికప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఒక్క క్షణం బాధపడి, దాన్ని చొక్కా లోపల దోపుకుని, మంచు మీదే వెల్లకిలా పడుకుని చూశారు.

అందుకే అంటున్నాను, రాత్రులు ఎక్కువ కావాలి అని. మీకు దొరికినవి రెండే రాత్రులని ఉత్తరంలో రాశారు. అత్తగారితో ఈ మాట చెప్పండి.

ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉంచండి. నైట్ మోడ్‌లో మూడు నుంచి పది సెకన్ల దాకా పెట్టి, చిన్న ట్రైపాడ్ మీద తీయండి. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు ఫోకస్‌ను చేత్తో ఒక నక్షత్రం మీద స్థిరపరచి, ఐఎస్‌ఓ 1600–3200 మధ్య మొదలుపెట్టండి. గదిలోకి వచ్చేముందు కెమెరాను జిప్ కవర్లో వేసి మూసేయండి, లేదంటే లెన్స్ లోపల చెమ్మ పడుతుంది.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. అరోరా ఎక్కువగా ఆకుపచ్చగానే ఎందుకు ఉంటుంది? ఎరుపు ఎప్పుడు వస్తుంది?
– విద్యార్థి, కర్నూలు

జవాబు: నాయనా, సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఎప్పుడూ గాలిలా వీస్తూ ఉంటాయి. అవి నేరుగా వచ్చి మన మీద పడవు. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని పక్కకు మళ్లిస్తుంది. ఆ ఒత్తిడికి క్షేత్రం రాత్రి వైపు తోకలా సాగుతుంది. అక్కడ పోగైన శక్తి విడుదలైనప్పుడు ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని, అయస్కాంత రేఖల వెంట ధ్రువాల వైపు దూసుకొచ్చి పై గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొంటాయి.

ఢీకొన్నప్పుడు ఆక్సిజన్ పరమాణువు శక్తి తీసుకుంటుంది. దాన్ని వెలుగుగా వదిలేయడానికి దానికి కొంత సమయం కావాలి. ఆకుపచ్చ కాంతికి సుమారు ముప్పావు సెకను చాలు. ఎరుపు కాంతికి దాదాపు 110 సెకన్లు పడుతుంది. 100–150 కిలోమీటర్ల ఎత్తులో గాలి కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి, ఆ 110 సెకన్లు గడిచేలోపే మరో అణువు వచ్చి తగిలి శక్తిని లాగేసుకుంటుంది. అందుకని అక్కడ ఆకుపచ్చే మిగులుతుంది. 200 కిలోమీటర్లు దాటాక గాలి బాగా పల్చబడుతుంది, తగిలేవాళ్లు తక్కువ, అప్పుడు ఎరుపు బయటపడుతుంది. కింది అంచున కనిపించే గులాబీ, ఊదా రంగులు నైట్రోజన్‌వి.

ఈ వెలుగులకూ అయస్కాంతానికీ సంబంధం ఉందని 1741లోనే స్వీడన్‌లోని ఉప్సలాలో సెల్సియస్, హియోర్టర్ గమనించారు. అరోరా వచ్చినప్పుడు దిక్సూచి ముల్లు కదలడం చూశారు. ఉష్ణోగ్రత కొలతకు పేరు వచ్చింది ఆ సెల్సియస్ పేరు మీదే. తర్వాత నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్క్‌లాండ్ 1899లో ఆల్టా దగ్గర హాల్డే కొండ మీద అరోరా పరిశీలన కేంద్రం కట్టించాడు. గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంతం పెట్టిన చిన్న గోళాన్ని ఉంచి, దాని మీదికి ఎలక్ట్రాన్లు పంపి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు తెప్పించాడు. నువ్వు ఫిజిక్స్ వదలకుండా చదువు. అక్కడికి వెళ్లిన రోజున నీకు మా కంటే ఎక్కువ కనిపిస్తుంది.

ప్రశ్న: 2024 మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లేలో అరోరా కనిపించిందని చదివాం. అంత ఖర్చు పెట్టి ఫిన్లాండ్ ఎందుకు, లద్దాఖ్ వెళితే పోలేదా?
– బ్యాంకు ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: మే 10–11 రాత్రి వచ్చింది చాలా అరుదైన, అత్యంత బలమైన సౌర తుఫాను. హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకు ఉత్తర దిగంతం దగ్గర ఎర్రటి వెలుగు దొరికింది. ఎక్కడో చాలా ఉత్తరాన వెలుగుతున్న అరోరా పై భాగం అది. ఎత్తుగా ఉండే ఎరుపు మాత్రమే అంత దూరానికి కనిపిస్తుంది. అలాంటి రాత్రిని ముందుగా తేదీ వేసుకుని అందుకోలేం. హాన్లేకి తప్పకుండా వెళ్లండి, పాలపుంతను చూడటానికి మన దేశంలో అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అరోరా కోసం మాత్రం ఉత్తరానికే పోవాలి.

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, ఇన్సులిన్ తీసుకుంటుంది. ఎప్పటి నుంచో ఈ వెలుగులు చూడాలని ఆశపడుతోంది. తీసుకెళ్లాలంటే భయంగా ఉంది.
– సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, విశాఖపట్నం

జవాబు: తీసుకెళ్లు బాబూ. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, మైనస్ ఇరవైలో రాత్రిపూట నిలబడే ప్రయాణమని చెప్పి, గుండె పరీక్ష చేయించు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. డాక్టర్ వద్దంటే ఆ మాటే వినాలి. సరే అంటే మిగతావి మన చేతిలో ఉన్నవే.

ఇన్సులిన్ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిందంటే కరిగినా పనికిరాదు. విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి, ప్రిస్క్రిప్షన్ తోడు ఉండాలి. బయటికి వెళ్లినప్పుడు ఇన్సులిన్ పెన్ను అమ్మ కోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉండాలి. సంచిలో వేసి బస్సులో వదిలేయకూడదు. గ్లూకోమీటర్ కూడా చలిలో సరిగ్గా పనిచేయదు, లోపలికి వచ్చి చూసుకోవాలి. వణుకు చలి వల్ల వస్తుంది, షుగర్ పడిపోయినా వస్తుంది. బయట నిలబడి ఏదో తేల్చుకోవడం కష్టం. అందుకని వణుకు మొదలైతే వెంటనే బస్సులోకి తీసుకొచ్చి పరీక్ష చేయి. జేబులో ఖర్జూరాలు, గ్లూకోజ్ బిళ్లలు ఉంచు.

నా ఎక్కువ ఆందోళన పాదాల గురించి. చాలాకాలం షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. చలికి వేలు మొద్దుబారుతున్నా వాళ్లకు తెలియదు. అమ్మను ‘చలిగా ఉందా?’ అని అడిగి ఊరుకోకు. రాత్రి గదికి రాగానే పాదాలు నువ్వే చూడు, వేళ్లు తెల్లబడ్డాయా, బొబ్బలు ఉన్నాయా అని. బూటులో వేసుకునే వేడి ప్యాకెట్లు నేరుగా చర్మానికి తగలనివ్వకు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. బూటు ఒక సైజు పెద్దదిగా తీసుకో. రెండు మూడు సాక్సులు బిగించి తొడిగితే రక్తం ఆడక చలి ఇంకా పెరుగుతుంది.

ఇక పడిపోవడం. గ్రూపుల్లో పెద్దవాళ్లకు దెబ్బలు తగిలేది వెలుగుల దగ్గర కాదు, హోటల్ ముందు ఫుట్‌పాత్ మీద. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన మంచు అద్దంలా ఉంటుంది. బూటు అడుగున తగిలించుకునే ముళ్ల పట్టీలు ట్రోమ్సోలో ‘బ్రొడ్డర్’ అని అడిగితే దొరుకుతాయి. చేరిన మొదటి రోజే కొను. స్నోమొబైల్ ఎక్కించకు, ఆ కుదుపు నడుముకు మంచిది కాదు. రెయిన్‌డీర్ బండి నెమ్మదిగా పోతుంది, అది ఎక్కించు. అమ్మకు బాగుంటుంది.

ప్రశ్న: నేను పుట్టి బుద్ధెరిగి చీర తప్ప కట్టలేదు. అక్కడ చీర మీద కోటు వేసుకుంటే సరిపోదా? మెట్టెలు తీయాలా?
– పేరు వద్దన్నారు, రాజమహేంద్రవరం

జవాబు: పిన్నిగారూ, హోటళ్లలో లోపల వెచ్చగా ఉంటుంది. భోజనానికి హాయిగా పట్టుచీరే కట్టుకోండి. బయటికి మాత్రం వద్దు. కుచ్చిళ్ల కింద నుంచి గాలి దూరుతుంది, అంచు మంచులో తడిసి గట్టిపడుతుంది, కాలికి అడ్డం పడుతుంది. లోపల మెరీనో ఉన్ని థర్మల్స్, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, పైన గాలి దూరని జాకెట్, ప్యాంటు వేసుకోండి. నూలు బట్ట ఒంటికి ఆనించి వేసుకోవద్దు. అది చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. రాత్రి తిరిగేటప్పుడు చాలాచోట్ల మెడ నుంచి చీలమండ దాకా వచ్చే దళసరి సూట్, బూట్లు వాళ్లే ఇస్తారు. మన సైజు ముందే రాసి పంపాలి.

మంగళసూత్రం లోపలి పొర కింద ఒంటికి ఆనుకుని ఉంటే ఏమీ కాదు. బుట్టలు, పెద్ద చెవి రింగులు తీసేయండి, లోహం చలిని చెవికి పట్టిస్తుంది. మెట్టెలు బిగుతుగా ఉంటే తీయడమే మంచిది. తీయడానికి మనసొప్పకపోతే వదులు చేయించుకుని, మెత్తటి ఉన్ని సాక్సు, వదులైన బూటు వేసుకోండి.

ప్రశ్న: టూర్‌లో సామీ గిరిజనుల శిబిరం చూపిస్తారట. అక్కడ మనం ఎలా ఉండాలి?
– డిగ్రీ లెక్చరర్, అనంతపురం

జవాబు: ఇలా అడిగినవారు మీరొక్కరే. సంతోషం. సామీలు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర భాగాలకు మూలవాసులు. వాళ్లకు సొంత భాషలు, జెండా, మూడు నార్డిక్ దేశాల్లో సొంత పార్లమెంట్లు ఉన్నాయి. ఫిబ్రవరి 6 వాళ్ల జాతీయ దినం. ఆ వారంలో ట్రోమ్సోలో ఉంటే పెద్ద వీధిలో రెయిన్‌డీర్ పందేలు చూడవచ్చు. ఒక్క మర్యాద గుర్తుంచుకోండి: ‘మీకు ఎన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయి?’ అని అడగకూడదు. బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టే. వెలుగుల కింద ఈల వేయడం కూడా వాళ్లు తప్పుగా భావిస్తారు. వాళ్ల గుడారంలో కూర్చున్నంతసేపైనా మన పిల్లలను ఈలలు వేయనివ్వకండి. సమయం ఉంటే ఫిన్లాండ్‌లోని ఇనారిలో ఉన్న సీదా మ్యూజియం తప్పక చూడండి. శిబిరంలో గంట కూర్చుంటే తెలియనిది అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: మూడు దేశాలకు మూడు వీసాలు తీసుకోవాలా?
– వ్యాపారి, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. మూడింటికీ ఒకే షెంగెన్ వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. చివరి దాకా ఆగితే, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో స్లాట్ దొరకదు. పెద్దలకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వెలుగుల కోసం రాత్రి బస్సు సరిహద్దు దాటవచ్చు కాబట్టి పాస్‌పోర్ట్ హోటల్లో వదలకండి. టూర్ డబ్బు కట్టేటప్పుడు వసూలు చేసే టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) రసీదు దాచుకోండి, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండికి ఇబ్బంది అవుతుందా? ఏమేం తీసుకెళ్లవచ్చు?
– దంపతులు, గుంటూరు

జవాబు: ఊళ్లలో ఇబ్బంది లేదు. శిబిరాల్లో మాత్రం వేడివేడిగా పెట్టేది రెయిన్‌డీర్ మాంసం కూరో, సాల్మన్ చేప సూపో. శాకాహారం కావాలని బుకింగ్‌లోనే రాయించండి. అక్కడికి వెళ్లి చెబితే బ్రెడ్డు మాత్రమే మిగులుతుంది. ‘గుడ్డు, చేప కూడా తినం’ అని విడిగా రాయించండి, అక్కడ చాలామంది చేపను మాంసంగా లెక్కవేయరు.

ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. నెయ్యి, పాలకోవా, పన్నీర్ ఇంట్లోనే వదిలేయండి. మీతో వచ్చేవారెవరైనా చికెన్ పచ్చడి సర్దుకుంటుంటే వాళ్లకూ చెప్పండి. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. వేయించిన కరివేపాకు పొడి, కందిపొడి, ఇన్‌స్టంట్ ఉప్మా, పులిహోర మిక్స్, అటుకులు తీసుకెళ్లండి. గదిలో కెటిల్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకుండా చిన్నది ఒకటి, రెండు గుండ్రటి పిన్నుల అడాప్టర్ ఒకటి పెట్టుకోండి. గదిలో పోపు మాత్రం వేయకండి, పొగకు అలారం మోగి హోటల్ మొత్తం మంచులోకి దిగాల్సి వస్తుంది, జరిమానా కూడా పడవచ్చు. గోంగూర పచ్చడి సీసా మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య సర్దండి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు.